ఇస్తాంబుల్‌లో దిగాం: ఆయన లిస్టు, నా మోకాళ్ళు

రెడ్‌హిల్స్ పిల్ల | శనివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి మీ ప్రయాణాలు చదవడమే తప్ప ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాస్తున్నానంటే కారణం, మా ఆయన గురక పెడుతున్నారు, నాకు నిద్ర రావడం లేదు.

ఈ సాయంత్రమే ఇస్తాంబుల్‌లో దిగాం. పెళ్ళయి పాతికేళ్ళు. పిల్లలు లేకుండా, టూరు బస్సు లేకుండా, జెండా ఊపుతూ ముందు నడిచే గైడు లేకుండా ఇద్దరమే దేశం దాటడం ఇదే మొదలు. ఐరోపా దేశాల షెంజెన్ వీసా ఉండబట్టి ఇక్కడికి ఈ-వీసా ఇంట్లో కూర్చునే వచ్చేసింది. సిర్కెజీ రైల్వే స్టేషన్ పక్క సందులో చిన్న హోటల్. లిఫ్ట్ ఉంది గానీ పెట్టె పడితే మనిషి పట్టడు, మనిషి పడితే పెట్టె పట్టదు.

మా ఆయన ఎక్సెల్ షీటు చేసుకొచ్చారు. 31 వరసలు, మళ్ళీ వాటికి రంగులు. ఆదివారం గ్రాండ్ బజార్, సోమవారం దోల్మాబాహ్చె ప్యాలెస్, మంగళవారం తోప్‌కాపి ప్యాలెస్, బుధవారం ఆయాసోఫియా మసీదు, ఇలా శుక్రవారం దాకా నిండిపోయింది. నాకేమో మోకాళ్ళు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏవి ఉంచాలో ఏవి కొట్టేయాలో చెప్పండి.

ఇంకో మాట. బాత్‌రూమ్‌లో కమోడ్ లోపలే చిన్న నీళ్ళ గొట్టం ఉంది, పక్కన కుళాయి తిప్పితే చాలు. పెట్టెలో దాచి తెచ్చిన ప్లాస్టిక్ చెంబుతో పని పడలేదు. ఈ ఊరితో మనకి పేచీ రాదనిపించింది.

బెజవాడ బస్సు | శనివారం, రాత్రి 11:05

చెంబు పారేయకండి. రేపు ఏ పారిస్‌కో వెళ్ళినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

కడికోయ్ కుర్రాడు | శనివారం, రాత్రి 11:20

ఆంటీ, నేను ఆరేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం. ఊరికి ఆసియా వైపు, కడికోయ్‌లో ఉంటా. అంకుల్ లిస్టు చూసి నవ్వాగలేదు, ఏమీ అనుకోకండి. గ్రాండ్ బజార్‌కి ఆదివారం సెలవు. దోల్మాబాహ్చెకి సోమవారం సెలవు. తోప్‌కాపికి మంగళవారం సెలవు. మూడింటినీ సరిగ్గా మూతపడే రోజునే పెట్టుకోవాలంటే పంచాంగం చూసి పెట్టుకోవాల్సిందే.

మార్చేయండి. రేపు ఆదివారం ఆయాసోఫియా, దాని ఎదురుగా సుల్తాన్ అహ్మద్ మసీదు, పక్కనే నేలకింద నీళ్ళ హౌసు. మూడూ ఒకే మైదానం చుట్టూ ఉన్నాయి, మీ మోకాళ్ళకీ మంచిది. సోమవారం తోప్‌కాపి, మంగళవారం దోల్మాబాహ్చె, బుధవారం బజార్.

ముందు ఇస్తాంబుల్‌కార్ట్ తీసుకోండి. ట్రాము, మెట్రో, ఓడ అన్నిటికీ ఆ ఒక్క కార్డే. మీ సిర్కెజీలో టీ1 ట్రాము ఆగుతుంది. చూడాల్సినవాటిలో సగం ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి.

రెడ్‌హిల్స్ పిల్ల | శనివారం, రాత్రి 11:31

బాబూ, వేయి దండాలు. లేపి చెప్పనా, పొద్దున చెప్పనా? ఆంటీ మాత్రం వద్దు, అక్కా అను.

ఆవకాయ డబ్బా | శనివారం, రాత్రి 11:48

లేపండి. ఇలాంటివి వేడిగా ఉన్నప్పుడే వడ్డించాలి.

నాదొక ప్రశ్న. మీరు శాకాహారులా? అక్కడ తిండి సంగతి ఎవరూ సరిగ్గా రాయరు. మేం అక్టోబరులో వెళ్దామనుకుంటున్నాం, మా అత్తగారు కూడా వస్తారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు.

నిర్వాహకులు | ఆదివారం, ఉదయం 7:10

రాత్రి వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ఆ దేశానికి వెళ్ళాలా వద్దా అనే రాజకీయ చర్చకు వేరే థ్రెడ్ ఉంది. ఈ దంపతులు ఆల్రెడీ వెళ్ళిపోయారు కాబట్టి ఇక్కడ దారి చెప్పేవాళ్ళు దారి చెప్పండి.

రెడ్‌హిల్స్ పిల్ల | ఆదివారం, రాత్రి 9:15

లేపి చెప్పలేదు, కాఫీ దగ్గర చెప్పా. నిమిషం సేపు మాట్లాడలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తీసి వరసలు కిందకీ పైకీ జరుపుకున్నారు.

ఆయాసోఫియా ముందు క్యూ చూస్తే తిరుమల గుర్తొచ్చింది, లడ్డూ వాసన ఒక్కటే తక్కువ. విదేశీయులకి టికెట్టు 25 యూరోలు. కింద హాలు నమాజు చేసుకునేవాళ్ళకే, టికెట్టువాళ్ళని పై అంతస్తు వసారాల్లోకి పంపిస్తారు. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి. బయట స్కార్ఫులు అమ్ముతున్నారు గానీ నా చున్నీ ఉండగా ఎందుకు?

పైకి మెట్లుండవు, రాళ్ళు పరిచిన వాలుబాట మలుపులు తిరుగుతూ వెళ్తుంది. చీకటిగా, చల్లగా. ఆ రాళ్ళు అరిగి గుంటలు పడ్డాయి. ఒక చెయ్యి గోడకి ఆనించి ఎక్కా. 537లో కట్టడం పూర్తయిందట. మా ఆయన చెవిలో ఆడియో గైడు పెట్టుకుని, ప్రతి రెండు నిమిషాలకీ ఆగి నాకు తెలుగులో వినిపిస్తున్నారు. తొమ్మిది వందల ఏళ్ళకి పైగా చర్చి, 1453 తర్వాత మసీదు, 1935 నుంచి మ్యూజియం, 2020లో మళ్ళీ మసీదు. గోపురం నేల నుంచి 55 మీటర్ల ఎత్తు. వసారాలోంచి చూస్తే ఆ గోపురం దేని మీదా ఆనినట్టుండదు. అడుగున వరసగా కిటికీలు, వాటిలోంచి వెలుతురు లోపలికి పడుతుంటే బరువంతా ఎటు పోయిందో తెలియదు.

నాకు నచ్చింది మాత్రం వేరే. ఒకచోట పాలరాతి పిట్టగోడ మీద పిచ్చిగీతల్లాంటివి చెక్కి ఉన్నాయి, పైన అద్దం బిగించారు. వెయ్యేళ్ళ కిందట ఎవరో వైకింగ్ సైనికుడు చెక్కాడట, అందులో ‘హాల్ఫ్‌డాన్’ అనే పేరు ఒక్కటే చదవడానికి వస్తోందట. గోల్కొండ గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి తిట్టుకునేదాన్ని. ఇక్కడ అదే పనికి అద్దం పెట్టి కాపాడుతున్నారు.

నీళ్ళ హౌసు కూడా అయింది. 336 స్తంభాలు, కింద మడమ లోతు నీళ్ళు, ఎర్రదీపాలు. చివర రెండు స్తంభాల కింద మెడూసా తలలు (చూపుతోనే మనిషిని రాయి చేసేస్తుందని గ్రీకు కథ), ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకి వాలి. వేరే కట్టడాల నుంచి తెచ్చిన రాళ్ళు వాడుకున్నారట. ఎత్తు సరిపోవడానికి అలా పెట్టారని ఒకరంటారు, దాని చూపు తగలకుండా అని ఇంకొకరు. మేస్త్రీ పని ఎరిగినదాన్ని కాబట్టి నా ఓటు ఎత్తుకే.

@ఆవకాయ డబ్బా: మేం శాకాహారులమే, ఆయన గుడ్డు తింటారు. మధ్యాహ్నం ఎర్ర పప్పు సూపు, రొట్టె. నిమ్మకాయ పిండి, ఎండుమిర్చి పలుకులు చల్లుకుంటే పలచటి మసూరు పప్పే. కళ్ళు మూసుకుని తిన్నా.

కడికోయ్ కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:40

అక్కా, ఆ సూపు పేరు మెర్జిమెక్ చోర్బాసి. ఒక జాగ్రత్త: కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ‘ఎత్ సుయు వార్ మ?’ అనడగండి, అంటే మాంసం నీళ్ళున్నాయా అని. అన్నం కూడా చాలాచోట్ల కోడి నీళ్ళలోనే వండుతారు. చూడ్డానికి తెల్లగా అమాయకంగా ఉంటుంది.

@ఆవకాయ డబ్బా: అత్తగారికి ఢోకా లేదు. గోజ్‌లెమె అని పల్చటి రొట్టెలో బంగాళదుంపో పాలకూరో పెట్టి పెనం మీద కాలుస్తారు. ఇమామ్ బాయిల్ద అంటే గుత్తివంకాయకి చుట్టమే, కూరేది ఉల్లిపాయా టమాటా, ఆలివ్ నూనెలో చేస్తారు. కొన్ని కూరల పేరు ముందు ‘జెయ్‌తిన్‌యాల్ల’ అని ఉంటుంది, ఆలివ్ నూనెతో అని అర్థం. అవి మామూలుగా మాంసం లేకుండానే చేస్తారు, చల్లగా పెడతారు. ఐరాన్ అంటే ఉప్పేసిన మజ్జిగ. పచ్చిమిర్చి, అల్లం లేవని ఏడవకూడదు.

ఆవకాయ డబ్బా | ఆదివారం, రాత్రి 9:52

మజ్జిగ ఉందా! ఇక మిగతావి మా పెట్టెలో వస్తాయి.

రెడ్‌హిల్స్ అల్లుడు | ఆదివారం, రాత్రి 10:20

నేను పై పోస్టుల్లో ‘మా ఆయన’గా కనిపిస్తున్న వ్యక్తిని. మా ఊరు అమలాపురం. నా వాదన వినిపించేవాళ్ళు లేరు కాబట్టి నేనే ఖాతా తెరిచాను.

సెలవు రోజుల విషయంలో తప్పు నాదే. కానీ ట్రాము, ఇస్తాంబుల్‌కార్ట్, చలికోట్లు, ఫోన్‌లో ఇంటర్నెట్ ఇవన్నీ లిస్టులో ముందే రాసుకున్నవే. వాటిని ఎవరూ మెచ్చుకోలేదు.

ఇవాళ జరిగినది ఆవిడ రాయలేదు, నేనే రాస్తాను. సాయంత్రం కరాకోయ్ దగ్గర ఎత్తురోడ్డు ఎక్కుతుంటే ముందు నడుస్తున్న బూట్లపాలిష్ అబ్బాయి పెట్టెలోంచి బ్రష్ జారిపడింది. పాపం చూసుకోలేదని తీసి ఇచ్చాను. కృతజ్ఞతగా నా బూట్లు తుడుస్తానన్నాడు. వద్దన్నా వినలేదు. తుడవడమయ్యాక ఊళ్ళో పిల్లవాడి ఆపరేషన్ అన్నాడు, డబ్బులన్నాడు. మా ఊళ్ళో ఆ డబ్బుతో కొత్త బూట్లే వస్తాయి.

కడికోయ్ కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:31

అంకుల్, ఆ బ్రష్ రోజుకి యాభైసార్లు పడుతుంది. ఇక్కడి వాళ్ళెవరూ వంగి తీయరు.

సాయంత్రం పూట ఒంటరిగా నడిచే మగవాళ్ళని ‘ఫ్రెండ్, ఏ దేశం? రా, ఒక బీరు తాగుదాం’ అని పిలిచేవాళ్ళతో కూడా వెళ్ళకండి, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ట్యాక్సీ అయితే మీటరు వేయించండి.

బెజవాడ బస్సు | ఆదివారం, రాత్రి 10:35

అల్లుడుగారూ, ఏ దేశమైనా అల్లుడి బూట్లు తుడిచి డబ్బులు తీసుకోవడమేమిటండీ, అన్యాయం.

రెడ్‌హిల్స్ పిల్ల | సోమవారం, రాత్రి 10:05

ఇవాళ కథ పెద్దది. ఇద్దరం అరగంట మాట్లాడుకోలేదు, ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

పొద్దున తోప్‌కాపి. ఖజానా గదుల్లో జనమంతా ఒక్క అద్దం ముందే గుమిగూడారు. చెమ్చాలవాడి వజ్రం అంటారు, 86 క్యారెట్లు. చెత్తలో దొరికితే చెమ్చాలు చేసేవాడికి మూడు చెమ్చాలకి అమ్మేశారని కథ. మా ఆయన గొంతు తగ్గించకుండా ‘మా నిజాం కాగితాల మీద పెట్టుకున్న జాకబ్ వజ్రం 184 క్యారెట్లు’ అన్నారు. 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడు క్యూలో నిలబడి చూశాం. అప్పటినుంచి ఆయనకి లోకంలో ఏ వజ్రమూ ఆనదు. పక్కన మూడు పెద్ద పచ్చలు పొదిగిన బాకు ఉంది. అది నాదిర్ షాకి కానుకగా పంపుతుంటే, చేరేలోపు ఆయన్నే చంపేశారట. కానుక వెనక్కొచ్చింది.

మూడు గంటలయ్యేసరికి నా కాళ్ళు పోయాయి. కింద గుల్‌హానె పార్కులోకి దిగాం. ఏప్రిల్ కదా, ట్యులిప్‌లు. ఎర్రవి, పసుపువి, నలుపులోకి తిరిగిన ఊదావి, పాదులు పాదులుగా. నేను బెంచీ మీద కూర్చుండిపోయా. ఆయన లిస్టులో 17వ వరస ‘గోత్‌ల స్తంభం’, రోమన్ల కాలంనాటి రాతి స్తంభం, ఈ పార్కు చివరే. ‘పది నిమిషాల్లో వస్తా, గేటు దగ్గరే ఉండు’ అని వెళ్ళారు. ఆ పార్కుకి ఒక గేటు కాదు. నా ఫోన్‌లో సిమ్ లేదు, ఇంటర్నెట్ అంతా ఆయన జేబులో ఉంది.

పది నిమిషాలు గంటా ఇరవై నిమిషాలయ్యాయి.

మొదటి అరగంట టెన్షన్‌గానే ఉంది. ఇంతలో నా పక్కన ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. పూలపూల తలగుడ్డ, గోధుమరంగు పొడుగు కోటు. కాగితం పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు. నావైపు పొట్లం వంచింది. ‘హిందిస్తాన్?’ అంది, తలూపాను. నేను మోకాలు రుద్దుకోవడం చూసి తన మోకాలి మీద చరిచి ‘దిజ్’ అంది. నేను నా మోకాలి మీద చరిచి ‘దిజ్’ అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత మాటల్లేవు. పంటి కింద గింజ చిట్లించి, పప్పు నాలికతో లాగి, తొక్క పొట్లం మూలకి. ఆవిడ వేగం నాకు రాలేదు. ఒక బూడిదరంగు పిల్లి వచ్చి నా చున్నీ కొస మీద పడుకుంది. ఈ ఊళ్ళో పిల్లులకి ఎవరూ అడ్డు చెప్పరు, దుకాణాల ముందు వాటికి నీళ్ళ గిన్నెలు కూడా పెడతారు. ఆ గంటలో నేనేమీ చూడలేదు, ఊరు మాత్రం చాలా చూశాననిపించింది.

ఆయన చెమటలు కక్కుతూ వచ్చి అరిచారు. ముసలావిడ ఆయన చేతిలోనూ నాలుగు గింజలు పోసింది.

రెడ్‌హిల్స్ అల్లుడు | సోమవారం, రాత్రి 10:40

నేను రెండో గేటు దగ్గర, సముద్రం వైపు నిలబడ్డాను. ఆవిడ ట్రాము వైపు గేటు దగ్గర. ఇద్దరం ‘గేటు దగ్గరే’ ఉన్నాం.

అరవడం తప్పే. భయమేసింది. ఒక గార్డుకి చెబుదామని వెళ్ళాను. ‘ఏ రంగు బట్టలు?’ అని సైగ చేశాడు. గుర్తు రాలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి పక్కనే నడుస్తున్నాను. సుల్తాన్ వజ్రం ఎన్ని క్యారెట్లో చెప్పగలను గానీ అది చెప్పలేకపోయాను. చిలకాకుపచ్చ అని తర్వాత చూశాను.

రేపటినుంచి గదిలోంచి బయటికి రాగానే ఒకరినొకరు ఫోటో తీసుకుంటాం. ఇది లిస్టులో చేర్చాను.

ఆవకాయ డబ్బా | సోమవారం, రాత్రి 10:52

అల్లుడుగారూ, మా ఆయనకి ఇది చదివి వినిపించా. నేను ఇప్పుడు కట్టుకున్న చీర రంగు అడిగా, తలుపు అవతలినుంచి. ఇంకా ఆలోచిస్తున్నారు.

పాత పుస్తకం | సోమవారం, రాత్రి 11:30

మూడు రోజులుగా చదువుతున్నాను, ఒక సంగతి అడగకుండా ఉండలేకపోతున్నాను. అమ్మా, మీ పేరు రెడ్‌హిల్స్ పిల్ల. మీరు పుట్టింది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలోనా?

రెడ్‌హిల్స్ పిల్ల | సోమవారం, రాత్రి 11:34

అవును మాస్టారూ! నేనూ, మా తమ్ముడూ. మా ఇల్లు దానికి రెండు వీధుల అవతల. ఎందుకడిగారు?

పాత పుస్తకం | మంగళవారం, ఉదయం 6:15

రాత్రి టైప్ చేస్తూ నిద్రపోయాను, క్షమించండి.

ఆ నీలోఫర్ మీరిప్పుడున్న ఊరి అమ్మాయే. 1916లో ఇస్తాంబుల్ ఆసియా వైపు గోజ్‌తెపెలో పుట్టింది, టర్కీని ఏలిన ఉస్మానీ సుల్తానుల వంశం. ఆమెకి బంధువు దుర్రుషెహ్వార్, చివరి ఖలీఫా (ముస్లింలకి మతాధిపతి) రెండో అబ్దుల్ మజీద్‌కి ఒక్కతే కూతురు, 1914లో ఉస్కుదార్‌లో పుట్టింది. 1924 మార్చిలో టర్కీ పార్లమెంటు ఖలీఫా పదవిని రద్దు చేసి వంశం మొత్తాన్ని దేశం దాటించింది. ఖలీఫా అప్పుడుంటున్నది మీరు ఇవాళ చూడబోయే దోల్మాబాహ్చెలోనే. రాత్రికి రాత్రి కార్లలో తీసుకెళ్ళి, జనం కంటపడకుండా ఊరి బయట చతాల్జా అనే చిన్న స్టేషన్లో రైలెక్కించారు. దుర్రుషెహ్వార్‌కి అప్పుడు పదేళ్ళు, నీలోఫర్‌కి ఎనిమిది.

ఫ్రాన్స్‌లో నీస్ పట్నంలో తలదాచుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఖలీఫాకి నెలనెలా భరణం పంపినవాడు మన ఏడో నిజాం. 1931 నవంబరు 12న ఆ నీస్‌లోనే నిజాం పెద్దకొడుకు ఆజం జాతో దుర్రుషెహ్వార్‌కి, రెండోకొడుకు మొఅజ్జం జాతో నీలోఫర్‌కి ఒకేరోజు పెళ్ళిళ్ళు జరిగాయి. అలా ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు.

నీలోఫర్‌కి పిల్లలు కలగలేదు. ఆమె దగ్గర పనిచేసే ఒకావిడ పురుట్లో సరైన వైద్యం అందక చనిపోయిందనీ, ఇంకెవరికీ అలా కాకూడదని పట్టుబట్టడంతో ఆసుపత్రి వచ్చిందనీ చెబుతారు. పురానీ హవేలీ దగ్గర దుర్రుషెహ్వార్ పేరు మీద పిల్లల ఆసుపత్రి కూడా ఉంది కదా. ఆమె పెద్దకొడుకు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశారు. హైదరాబాద్ తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

మీరు ఆ ప్యాలెస్ చూసేటప్పుడు ఇది తెలిసి ఉంటే బాగుంటుందనిపించింది.

బెజవాడ బస్సు | మంగళవారం, ఉదయం 6:40

మాస్టారూ, నీలోఫర్ కేఫ్ బిస్కెట్లు తిన్నన్నిసార్లు ఆ పేరెవరిదని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేస్తోంది.

రెడ్‌హిల్స్ పిల్ల | మంగళవారం, రాత్రి 9:30

మాస్టారూ, పొద్దున ట్రాములో చదివి ఆయనకి వినిపించా. ఆయనైతే ఆడియో గైడు తీసుకోనేలేదు ఇవాళ.

కబతాష్‌లో దిగి నడిచాం. 1856లో పూర్తయిన భవనం, 285 గదులు. లోపల ఫోటోలు తీయనివ్వరు, అదీ ఒకందుకు మంచిదే. గాజు కమ్మీల మెట్లు, ఆ తర్వాత దర్బారు హాల్లో నాలుగున్నర టన్నుల షాండ్లియర్. విక్టోరియా రాణి బహుమతి అని చాలాకాలం చెప్పుకున్నారట, తర్వాత డబ్బు కట్టి కొన్న రసీదు దొరికిందట. మా హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ షాండ్లియర్లు చూసినవాళ్ళకి పోలిక రాక తప్పదు, కానీ ఇది ఒక్కటే ఒక చెట్టంత ఉంది.

టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన అతాతుర్క్ చనిపోయిన గదిలో గడియారం 9:05 దగ్గర ఆపి ఉంది. 1938 నవంబరు 10. అందరూ అక్కడ ఆగుతున్నారు. ఆయన పార్లమెంటే ఖలీఫాని పంపించేసింది, ఆయన ప్రాణం పోయింది అదే ఇంట్లో.

నేను ఆగింది గ్రంథాలయం దగ్గర. చివరి ఖలీఫాది. చెక్క అలమరాల్లో పుస్తకాలు వరసగా. ఆయన బొమ్మలు కూడా వేసేవాడట, పియానో వాయించేవాడట. తాడు కట్టి ఉంది, లోపలికి వెళ్ళనివ్వరు. పదేళ్ళ పిల్ల ఆ గుమ్మంలోంచి లోపలికీ బయటికీ తిరిగి ఉంటుంది కదా అనుకున్నా. మా నీలోఫర్ ఆసుపత్రి మెట్ల మీద టిఫిన్ క్యారియర్లతో కూర్చునే జనం గుర్తొచ్చారు. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ కూడా అలాగే కూర్చుందట, మూడు రోజులు.

గార్డు కదలమని చెయ్యి చూపించాడు. మా ఆయన నా చున్నీ కొస పట్టుకుని ముందుకి నడిపించారు. ఇవాళ నాది తేనెరంగు. ఆయన ఫోన్‌లో సాక్ష్యం ఉంది.

తర్వాత బెషిక్తాష్ దాకా నడిచి ఉస్కుదార్ ఓడ ఎక్కాం. బస్సు టికెట్టు లాంటి ధరకి ఐరోపా నుంచి ఆసియాకి! చిన్న నడుం గాజుగ్లాసుల్లో టీ, పాలు లేకుండా. ఒకతను సిమిత్ అనే నువ్వుల రొట్టె ముక్కలు గాల్లోకి విసురుతుంటే సీగల్స్ ఎగురుతూనే పట్టుకుంటున్నాయి. ఉస్కుదార్ ఒడ్డున మెట్ల మీద పడమటి ఎండలో కూర్చున్నాం, ఎదురుగా నీళ్ళ మధ్య కన్యల బురుజు. ఎంతసేపు కూర్చున్నామో ఆయన రాసుకోలేదు.

రెడ్‌హిల్స్ అల్లుడు | మంగళవారం, రాత్రి 9:41

గంటా పది నిమిషాలు.

కడికోయ్ కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:58

రోజూ ఆఫీసుకి ఆ ఓడలోనే వెళ్తా, దుర్రుషెహ్వార్ ఉస్కుదార్‌లో పుట్టిందని ఇవాళే తెలిసింది. మాస్టారూ, థాంక్స్.

అక్కా, రేపు బజార్‌లో ఏం కొన్నా మొదటి దుకాణంలో కొనకండి. నాలుగు వేల దాకా దుకాణాలుంటాయి. యాపిల్ టీ ఇస్తే తాగేయండి, తాగినంత మాత్రాన తివాచీ కొనాలని లేదు.

రెడ్‌హిల్స్ పిల్ల | బుధవారం, రాత్రి 8:50

బజార్ అయింది. ‘దుక్కాన్’ అంటే దుకాణం, ‘తాజె’ అంటే తాజా, ‘పెయ్‌నిర్’ పనీరు, ‘షెకెర్’ చక్కెర, ‘కలెమ్’ కలం, ‘హెసాప్’ అడిగితే బిల్లు తెస్తారు. ప్రతి మాటకీ ‘తమామ్’ అంటారు, సరే అని. హైదరాబాద్‌లో పెరిగినదానికి సగం టర్కీ భాష ముందే వచ్చినట్టుంది.

పైకప్పు కమానుల కింద ఒక వీధి మొత్తం బంగారమే. నిజామాబాద్ నుంచి వచ్చిన పెళ్ళివారిలా ఇక్కడి అత్తగార్లు కూడా కోడళ్ళ చేతికి గాజులు తొడిగి చూస్తున్నారు, అన్నీ 22 క్యారెట్లే. తూకం, మజూరీ, మళ్ళీ తూకం. భాష రాకపోయినా ఆ బేరం మొత్తం అర్థమైంది. నేనేమీ కొనలేదు. ఇంటికి ఒక రాగి కాఫీ గిన్నె, పొడుగు పిడిది. మా ఆయన బేరమాడి సగానికి తగ్గించి గర్వంగా బయటికొస్తే, పక్క సందులో అదే గిన్నె ఇంకా తక్కువకి వేలాడుతోంది. చూడనట్టు నడిచాం.

31లో 12 అయ్యాయి. ఇంకా రెండు రోజులు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచి పది వరసలు ఆయనే కొట్టేశారు. గోత్‌ల స్తంభం మాత్రం ఉంచారు. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి నన్ను పోగొట్టుకున్నారు గానీ అసలు చూడలేదట.

రేపు మళ్ళీ ఓడ ఎక్కాలని ఉంది, ఎక్కడికని కాదు. బాబూ, ఏది ఎక్కమంటావు?

కడికోయ్ కుర్రాడు | బుధవారం, రాత్రి 9:07

ఎమినోను నుంచి కడికోయ్‌ది ఎక్కండి అక్కా. సాయంత్రం ఐదు దాటాక ఆఫీసు జనం ఉంటారు, నాలుగింటికే వచ్చేయండి. వెళ్ళేటప్పుడు కుడివైపు బయటి బల్ల మీద కూర్చుంటే తోప్‌కాపి, దాని వెనక ఆయాసోఫియా, మసీదు మీనార్లు వెనక్కి జరుగుతూ కనిపిస్తాయి. గాలి చలిగా కొడుతుంది, చున్నీ చాలదు, కోటు తెచ్చుకోండి. రేవులో నేనుంటా. మా ఇంట్లో కందిపప్పు ఉంది, అన్నం నీళ్ళతోనే వండుతా.

ఆవకాయ డబ్బా | బుధవారం, రాత్రి 9:15

అక్కా, మీ దగ్గర ఆవకాయ మిగిలి ఉంటే ఆ అబ్బాయికి సీసా ఇచ్చేసి రండి.

రెడ్‌హిల్స్ పిల్ల | బుధవారం, రాత్రి 9:18

సగం సీసా ఉంది. గోంగూర అసలు మూత తీయలేదు. రెండూ తెస్తున్నాం.